తల్లి అక్కర్లేదన్నారు

మా ఆయన సౌదీవాడైన సంబరానికి కోయబోయిన గొర్రె సగం తెగిన మెడతో లేచి పరిగెత్తింది. అల్ ఖర్జ్ దగ్గర ఒక తోటను ఆ రోజుకు అద్దెకు తీసుకున్నాడు. ఆసుపత్రిలో ఆయనతో పనిచేసేవాళ్లు పెళ్లాం పిల్లలతో వచ్చారు. కోయడానికి మనిషిని పెట్టుకోవచ్చు. ఈయన మాత్రం కొత్త తెల్ల థోబ్ చేతులు పైకి మడిచి, తానే కోస్తానన్నాడు. అంతవరకు కోడిని కూడా కోసిన మనిషి కాదు. కత్తి సగం దిగాక ఆయన చేతులు వణికాయి. గొర్రె విదిలించుకుని లేచి, ఖర్జూరపు చెట్ల మధ్య నెత్తురు చిమ్ముకుంటూ వచ్చి ఆడవాళ్లు కూర్చున్న చాపల మీద పడింది. తోట చూసుకునే యెమెన్ ముసలాయన దాని మీద మోకాలు వేసి ఒక్క కోతతో ముగించాడు. మగవాళ్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఈ సాయంత్రం నాకు ఉంది అనుకున్నాను.

ఉంది. ఇంటికి వచ్చాక, అందరికంటే ముందు నవ్వింది నేనేనని తేల్చాడు. అప్పటిదాకా బెల్టుతో కొట్టేవాడు. ఆ రోజు మొదటిసారి అగాల్ తీశాడు. నెత్తిన గుడ్డ జారిపోకుండా ఇక్కడి మగవాళ్లు పెట్టుకునే నల్ల తాడు చుట్ట అది. రెండు మడతలు చేసి పట్టుకుని కొడితే చప్పుడు తక్కువ, వాత ఎక్కువ. జిన్సియా వచ్చింది, జిన్సియా వచ్చింది అని ఊరంతా మబ్రూక్‌లు చెప్పారు. ఈ దేశపు పౌరసత్వం వల్ల నాకేం వచ్చిందని ఎవరైనా అడిగి ఉంటే, జాకెట్టు విప్పి వీపు చూపించేదాన్ని.

నాకు కోపం లేదనుకోకండి. నాకంటే ముందు నా కోపం పుట్టిందని మా అమ్మ అనేది. చిన్నప్పుడు నన్ను గిల్లిన పిల్లవాడి చెవి కొరికితే కుట్లు పడ్డాయి. అలాంటి నేను ఇన్నేళ్లు ఎందుకు పడ్డానంటే, ఈ దేశంలో నేను ఉండేది ఆయన పేరు మీద. ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఇకామా. దాని మీద కఫీల్, అంటే నాకు పూచీ ఉన్న మనిషి, అని ఉన్న చోట ఆయన పేరే ఉంటుంది. ఆయన ఒక్క మీట నొక్కితే, దేశం వదిలి పొమ్మని ఖురూజ్ పడుతుంది. నేను విమానం ఎక్కాలి, అమ్మాయి ఇక్కడ ఉండిపోవాలి, లేదా నాతోపాటు మా అన్న గుమ్మంలోకి రావాలి. ఈ రెండూ నాకు చావుతో సమానం.

ఆయన గురించి ఒకటి ముందే చెప్పాలి. ప్రభుత్వ ఆఫీసు మెట్లెక్కితే ఆ మనిషికి చేతులు వణుకుతాయి. ఆసుపత్రిలో గుండె యంత్రాలు విప్పి బిగించే చేతులు అవి, చిన్న మర కూడా జారనివ్వవు. అయినా కౌంటరు ముందు నిలబడితే పెన్ను పట్టుకోలేడు. ఇకామా రెన్యువల్ ఉన్న రోజు పొద్దున వాంతి చేసుకునేవాడు. జిన్సియా ఇంటర్వ్యూకు వెళ్లిన రోజు కారులో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అంతకుముందు రోజు మెలిపెట్టిన చెయ్యే అది. కాగితం అంటే, స్టాంపు అంటే, యూనిఫారం అంటే అంత భయం. ఆ భయస్తుడికి, ఏళ్ల తరబడి యంత్రాలు బాగుచేసినందుకు, పై డాక్టర్లెవరో గట్టిగా సిఫారసు చేసినందుకు, మన వాళ్లలో దాదాపు ఎవరికీ రానిది వచ్చింది.

ఆయన సౌదీవాడయ్యాడు. నేను ఇండియాదాన్నిగానే ఉండిపోయాను. చిక్కంతా అమ్మాయిది. దానికప్పుడు పదిహేడు నడుస్తోంది. తండ్రి పౌరుడైతే మైనరు పిల్లలు ఆయన కార్డులో చేరవచ్చు. పద్దెనిమిది దాటితే చేర్చరు. అప్పుడది సౌదీ తండ్రికి పుట్టిన పరాయి దేశపు పిల్ల. చదువు అయ్యాక పంపెయ్యాలి. పంపితే రాయచోటికి పోవాలి, అక్కడ మా అన్న ఉన్నాడు. అది పుట్టిన రోజున, దూది మూట కింద పెట్టి పైన కూర్చుంటే పోతుంది, ఎవరికీ తెలియదు అన్న మనిషి. ఇప్పుడేమో, దాన్ని పంపండి, మా బామ్మర్దికి చేసుకుంటాం అని ఫోన్ల మీద ఫోన్లు. కార్డు వస్తే నా కూతురు ఆ ఇంటికి పోవక్కర్లేదు. నాకు కావలసింది అదొక్కటే.

నా కూతురు అన్నాను. నేను కనలేదు.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నాయన పరుపులు కుట్టేవాడు. నాకు పెళ్లై రియాద్ వచ్చాక మూడు కడుపులు పోయాయి. రెండోది ఆయన తన్నితే పోయింది. ఇక నిలవదని డాక్టరమ్మ చెప్పిన కొన్ని నెలలకు అమ్మ ఫోన్ చేసి, మా చెల్లెలికి కడుపు వచ్చిందని చెప్పింది. దానికి పంతొమ్మిదేళ్లు, పెళ్లి కాలేదు. మా ఇంటి గోడకు దూది ఏకే పాత విల్లు ఒకటి వేలాడుతూ ఉండేది. మిషన్లు వచ్చాక దాంతో పని లేకపోయినా నాయన తియ్యలేదు. ఆ విల్లుకు కట్టే నరం తాడు ఊడదీసి చెల్లెల్ని కొట్టాడు. ఎవడు అని అడిగాడు. అది చెప్పలేదు. మా అన్న జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. చెప్పలేదు. ఎదురింటి సందులో సెల్ ఫోన్ షాపతను దాన్ని చూసి నవ్వేవాడని ఎవరో అంటే, మా అన్న నలుగురిని వెంటేసుకుని పోయి అతని ముందు పళ్లు రాలగొట్టి వచ్చాడు. పాపం, అతనికి ఏ సంగతీ తెలియదు. కట్టుడు పళ్లు పెట్టించుకుని ఇప్పటికీ అదే షాపులో కూర్చుంటున్నాడు.

పిల్ల లేని అక్కకు చెల్లెలు బిడ్డనివ్వడం మా వైపు కొత్త కాదు. కాన్పుకు వెళ్లినప్పుడు పెంచుకునే ఆమె పేరు రాయించేస్తారు. బిడ్డ కాగితాల మీద మొదటి నుంచి వాళ్లదే అవుతుంది, పెద్దయ్యాక బడిలో అడిగేవాళ్లు ఉండరు. దాన్ని మోసమని మా ఊళ్లో ఎవరూ అనుకోరు, బిడ్డకు చేసే మేలు అనుకుంటారు. నేను రీ-ఎంట్రీ వీసా మీద ఊరికి వెళ్లాను. కడపలో ఒక చిన్న నర్సింగ్ హోంలో నా పేరు, ఆయన పేరు రాయించాం. నా చెల్లెలు మంచం మీద పడుకుని నా పేరుతో పిలిస్తే పలికింది. నొప్పులు పడుతూ కూడా అది నా పేరుకు పలకడం నాకు ఇప్పటికీ గుర్తే. మూడు నెలల పసిగుడ్డును నేను ఎత్తుకుని విమానం ఎక్కితే, చెల్లెలు రొమ్ములకు పాత చీరముక్క బిగించి కట్టుకుని మా వాకిట్లో నిలబడింది. తర్వాత దాన్ని మదనపల్లెలో ఒక లారీ మెకానిక్కుకు ఇచ్చారు. జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు.

బిడ్డను తెచ్చుకుందామా అని కాన్పుకు ముందే ఊరి నుంచి భయం భయంగా ఫోన్‌లో అడిగితే, ఆయన ఒక్క మాటకు ఒప్పుకున్నాడు. నేను బిత్తరపోయాను. పరాయి నెత్తురును ఇంటికి తెచ్చుకోవడానికి ఒప్పుకున్న మగవాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలనిపించింది. పైగా అమ్మాయి మీద ఒక్క రోజు చెయ్యి ఎత్తలేదు. నన్ను గోడకు తోసిన చేతులే దానికి జడలు వేసేవి. వీడు ఎంత దుర్మార్గుడైనా కనని బిడ్డను కడుపులో పెట్టుకుని చూస్తున్నాడు అని, దెబ్బలు కాపడం పెట్టుకుంటూ కూడా అనుకునేదాన్ని. దాని ముక్కు ఆయన ముక్కులా ఉందని ఇరుగుపొరుగు అంటే, పెంచినవాళ్ల పోలికలు వస్తాయి అని చెప్పి మురిసిపోయేదాన్ని. ఇది రాస్తుంటే నా చెంప నేను వాయించుకోవాలనిపిస్తోంది.

రియాద్‌లోని బతా బజారులో ఒక అనువాదాల దుకాణంలో బర్త్ సర్టిఫికెట్‌ను అరబ్బీలోకి మార్పించుకున్నాం. అపాయింట్‌మెంట్ దొరికిన రోజున అహ్వాల్ ఆఫీసుకు ఇద్దరమే వెళ్లాం. పుట్టుకలు, పెళ్లిళ్లు, కార్డులు అన్నీ చూసే ఆఫీసు అది. కౌంటరులో చిన్న వయసు ఆఫీసరు, మెత్తటి గొంతు. కాగితాలన్నీ తిప్పి చూసి, అమ్మాయి బయటి దేశంలో పుట్టింది, తండ్రి అప్పటికి పౌరుడు కాదు, అందుకని రక్త పరీక్ష చేయించాలి అన్నాడు. తండ్రీబిడ్డల నెత్తురు కలిస్తే మిగతా పని సులువు అని కూడా అన్నాడు.

నేను కూడా ఇవ్వాలా అని అరబ్బీలో అడిగాను.

తల్లి అక్కర్లేదు, తండ్రి, బిడ్డ చాలు అన్నాడు.

ఒక్క క్షణం ఊపిరి వచ్చింది. నా నెత్తురు తియ్యరు, నేను తల్లిని కానని బయటపడదు. మరుక్షణం రెండో సంగతి తట్టింది. తల్లిని కాని నాలాగే ఆయన తండ్రి కాడు. పరీక్షలో అది తేలితే దొంగ సర్టిఫికెట్ అంటారు. ఆయన జిన్సియా పోతుంది, నేను జైలుకు పోతాను, అమ్మాయి మా అన్న చేతిలో పడుతుంది. ఈ భయస్తుడు ఇక్కడే కుప్పకూలిపోతాడని, పట్టుకోవడానికి పక్కకు జరిగాను. ఆయన సంతకం పెడుతున్నాడు. పెన్ను కదలకుండా, వంకర లేకుండా, పేరంతా రాసి కింద గీత కూడా గీశాడు.

కారులో కూర్చున్నాక నాకు ఏడుపు వచ్చింది. ఇప్పుడెట్ల అని అడిగాను. ఎట్లేముంది, చేయించుకుంటా అన్నాడు. నెత్తురు కలవదు కదా అన్నాను. ఆయన ముందు అద్దం కిందికి వంచి, అగాల్ సర్దుకుని, పిల్లలకు సముదాయించి చెప్పినట్టు చెప్పాడు.

"కలుస్తాది లే."

ఆయన తానేమన్నాడో తనకు ఒక నిమిషం తర్వాత తెలిసినట్టుంది, మా ఎగ్జిట్ దాటిపోయినా తిప్పలేదు. నా మూడో కడుపు పోయి నేను ఆసుపత్రిలో పడి ఉన్న నెల గుర్తొచ్చింది. అది రంజాన్. రాయచోటిలో స్థలం రిజిస్ట్రేషన్ ఉందని సెలవు పెట్టి ఒక్కడే వెళ్లాడు. మా పుట్టింట్లోనే దిగాడు. అల్లుడు నెలంతా మా ఇంట్లోనే ఉపవాసాలు ఉన్నాడని మా అమ్మ ఎంత సంబరపడిందో. తెల్లవారకముందే సహర్ తిండికి లేచి అందరికీ వండిపెట్టింది నా చెల్లెలు. దాన్ని చంపినంత పనిచేసి ఎవడని అడిగారే, ఆ ఎవడు నా పక్కన కూర్చుని బండి నడుపుతున్నాడు.

స్టీరింగ్ పట్టి లాగి, ఫ్లైఓవర్ గోడకు గుద్దించాలనిపించింది. ఆ కోరిక ఎంత గట్టిగా వచ్చిందంటే, చెయ్యి సగం లేచింది కూడా. కానీ పరీక్షకు ఆయన కావాలి, కార్డులో చేర్చేటప్పుడు వేలిముద్ర వెయ్యడానికి ఆయన కావాలి. నా బిడ్డ కోసం ఆ దొంగ నెత్తురు నాకు కావాలి. చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాని మీద రెండో చెయ్యి పెట్టి అదిమి కూర్చున్నాను. ఇంటికి వెళ్లి వంకాయ కూర చేశాను.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిపానో నాకే తెలియదు. వండాను, వడ్డించాను, థోబ్‌లు ఇస్త్రీ చేశాను. ముక్కలు కోద్దామని మాంసం ముందు పెట్టుకుంటే కత్తి ఆగేది కాదు, ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ మాంసమైనా కైమా అయిపోయేది. నాకు తెలిసిందని ఆయనకు తెలుసు. ఒకరోజు ఉనైజా నుంచి వచ్చిన సుక్కరి ఖర్జూరం పెట్టె తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, తిను అన్నాడు. ఆయన నాకు తినమని ఏదైనా తేవడం అదే మొదలు. గింజలు తీసి అన్నీ అమ్మాయికి పెట్టాను. ఒక్కటి కూడా నోట వేసుకోలేదు.

చెల్లెలు అప్పుడప్పుడు ఫోన్ చేసేది. పరీక్ష సంగతి దానికి కూడా చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడు చేసినా ఒకటే ప్రశ్న, కార్డు వచ్చిందా అక్కా అని. నేను రాలేదని చెప్పి పెట్టేసేదాన్ని. ఇంకొక్క మాట మాట్లాడితే అడిగేస్తాను. అది అవునంటే, వేలిముద్ర పడకముందే ఆయన్ను చంపేస్తాను. అందుకే దాని గొంతు వినడానికి కూడా భయపడ్డాను.

తల్లి లేకుండానే తండ్రీబిడ్డలు వెళ్లి నెత్తురు ఇచ్చి వచ్చారు. ఇక వేలిముద్ర ఒక్కటి మిగిలింది. దానికి ముందు వారం, తిండి దగ్గర ఏదో మాటకు ఆయన అగాల్ తీశాడు. ఖర్జూరాలతో మంచితనం అయిపోయిందన్నమాట. మొదటి దెబ్బ నా మెడ మీద పడింది. రెండో దెబ్బ పడలేదు. అమ్మాయి గదిలోంచి వచ్చి, గాల్లో ఉన్న అగాల్ పట్టుకుని లాగేసింది. కిటికీ తీసి వీధిలోకి విసిరేసింది. అరబ్బీలో ఒక తిట్టు కూడా తిట్టింది, అది నేను రాయను.

ఆయన ముఖం నల్లబడింది. మొదటిసారి దాన్ని కొట్టబోతాడనుకున్నాను. కొట్టలేదు. నెమ్మదిగా కూర్చుని, నేను వేలిముద్రకు రాను, ఆ కార్డు ఎవడు ఇస్తాడో చూస్తాను అన్నాడు.

నేను లేచి నా కూతుర్ని కొట్టాను. అరచేతితో, చెంప మీద, శక్తికొద్దీ. అది పక్కకు తూలి ఫ్రిజ్‌కు తగిలింది. పుట్టి ఇన్నేళ్లకు ఆ ఇంట్లో దాని మీద పడిన మొదటి దెబ్బ నాది. కిందికి పోయి అది తీసుకురా అన్నాను. అది నన్ను చూసిన చూపు శత్రువును చూసే చూపు. వెళ్లింది. మెట్లు దిగుతుంటే ఏడుపు వినిపించింది. కారు చక్రం ఎక్కి మట్టి అంటుకున్న అగాల్ తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది. బాబాకు క్షమాపణ చెప్పు అన్నాను, చెప్పింది. నేను ఆ తాడును నా పైటతో తుడిచి, ఆయన నెత్తిన నా చేతులతో పెట్టి సర్దాను. నా వేళ్లు ఆయన మెడకు రెండు అంగుళాల దూరంలో ఉన్నాయి. వారం కంటే ఎక్కువ లేదు, ఓర్చుకో అని వేళ్లకు చెప్పుకున్నాను.

వారం తర్వాత ముగ్గురం వెళ్లాం. అదే మెత్తటి గొంతు ఆఫీసరు, నెత్తురు కలిసిందని చెప్పి మా ఆయనకు చెయ్యి కలిపాడు. అమ్మాయిని చూసి, తండ్రి పోలికే, పరీక్ష కూడా అక్కర్లేకపోయేది అని నవ్వాడు. మా ఆయన మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను కూడా నవ్వాను, ఆఫీసరు నవ్వితే నవ్వకుండా ఎలా ఉంటాం. యంత్రం మీద ఆయన బొటనవేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. నేను ఆ వేలినే చూస్తున్నాను.

కార్డు గురువారం చేతికి వచ్చింది. నల్ల ముసుగులో నా కూతురి ముఖం, పక్కన దాని పేరు, తండ్రి పేరు, తాత పేరు. శుక్రవారం పొద్దున దాన్ని స్నేహితురాలికి చూపిస్తానని అది వెళ్లింది. నాతో అప్పటికీ సరిగా మాట్లాడటం లేదు. ఆయన జుమ్మా నమాజుకు వెళ్లి వచ్చాడు. నేను తలుపు గడియ పెట్టాను. మసాలా దంచే ఇత్తడి రోలు మా అమ్మ ఇచ్చింది నా దగ్గర ఉంది. దాని రోకలి చిన్నదే, కానీ బరువు. అది తీసుకుని హాల్లోకి వెళ్లాను. ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని, అగాల్ పక్కన పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు.

"నా చెల్లెలు నిన్ను ఏమని పిలిచేది?" అన్నాను.

ఆయన ఫోన్ దించాడు. రోకలి చూశాడు. ముందు, ఎవరు చెప్పినారు నీకు అన్నాడు. ఎవరూ చెప్పలేదు, నువ్వే చెప్పినావు అన్నాను. బావా అని పిలిచేది, అవునా కాదా అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"అది కూడా..." అన్నాడు.

ఆ తర్వాతి మాట నేను రానివ్వలేదు. చెయ్యి అడ్డం పెట్టాడు, మణికట్టు మీద పడింది. ఎండిన కొబ్బరి చిప్ప పగిలినట్టు వినిపించింది. మళ్లీ అక్కడే కొట్టాను. ఎడమ చేత్తో నా జుట్టు పట్టుకున్నాడు, మోకాలి చిప్ప మీద కొట్టాను. కింద పడ్డాడు. నోట్లోంచి నెత్తురు వస్తోంది, పెదవి కొరుక్కున్నట్టున్నాడు. నా చేతిలో రోకలి ఇంకా బరువుగానే ఉంది. ఇంకొక్కటి తల మీద వేస్తే అయిపోయేది. వెయ్యాలని ఉంది, అబద్ధం చెప్పను. వెయ్యలేదు. జైల్లో ఉన్న తల్లి దానికి అక్కర్లేదు.

పోలీసులను పిలుస్తానన్నాడు. పిలువు, ఎందుకు కొట్టిందని అడుగుతారు, చెప్పు అన్నాను. ఆయన పిలవలేదు. అంబులెన్స్‌ను పిలుచుకుని, తను పనిచేసే ఆసుపత్రికే పోయి, బాత్రూంలో జారి పడ్డానని రాయించుకున్నాడు. ఆ కుడిచెయ్యి ఇప్పటికీ సరిగా ముడుచుకోదు. చిన్న మరలు పట్టుకోలేక, యంత్రాల పని నుంచి తీసి కుర్చీలో కూర్చోబెట్టారట. నాకు జాలి లేదు. ఆ ఇంటికి ఆయన తిరిగి రాలేదు. తలాక్ ఇచ్చాడు, నేను అడ్డం చెప్పలేదు. సౌదీ బిడ్డకు తల్లినని నాకు ఇక్కడ ఉండే హక్కు వచ్చింది. ఇప్పుడు నా కఫీల్ నా కూతురు. కనని తల్లికి ఇకామా ఇచ్చిన దేశం ఇదొక్కటే అయ్యుంటుంది. అమ్మాయికి తెలిసింది ఒక్కటే, అమ్మ బాబా చెయ్యి విరగ్గొట్టిందని. ఇన్నేళ్లు ఎందుకు ఆగావు అని నన్నే తిట్టింది. చెంపదెబ్బకు మాత్రం ఇంకా క్షమించలేదు, అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది. మిగతాది చెప్పాలా వద్దా అని నేను ఇంకా తేల్చుకోలేదు.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ శుక్రవారం అంబులెన్స్ వెళ్లాక, నేల మీది నెత్తురు తుడవకుండానే మదనపల్లెకు ఫోన్ చేశాను. కుట్టు మిషన్ చప్పుడు వినిపిస్తోంది. నేను నోరు విప్పకముందే అది అడిగింది.

"కార్డు వచ్చిందా అక్కా?"

వచ్చిందన్నాను. పేరు సరిగా పడిందా అని అడిగింది. పడిందన్నాను. ఫొటో బాగుందా అంది. బాగుందన్నాను. నా గొంతు మారిపోయింది.

"వాని పేరు ఆ పొద్దే ఎందుకు చెప్పలేదే నువ్వు? నాయన అంత కొడ్తాంటే కూడా ఎందుకు చెప్పలేదు?"

మిషన్ చప్పుడు ఆగిపోయింది. అది ఏడవలేదు. నేను ఎప్పుడో ఒకప్పుడు అడుగుతానని ఎదురుచూసినట్టు, నెమ్మదిగా అంది.

"చెప్పింటే నువ్వు దాన్ని ఎత్తుకోని పోయింటావా అక్కా?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, చేతిలో రోకలి అలాగే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అటువైపు మిషన్ మళ్లీ మొదలైంది.